కలలో అడవి పందులు, పక్కన నేను

నిద్రలో భర్త చెయ్యి తగిలి కన్ను వాచిన ఆడమనిషి ఆ సంగతి నలుగురిలో చెప్పుకోలేదు. చెప్పినా నమ్మేవాళ్ళు తక్కువ. "నిద్రలో కొట్టిండా?" అని ఒక చూపు చూస్తారు, ఇక ఆ మనిషి మీద ముద్ర పడిపోతుంది. మేము డాక్టర్ దాకా పోవడానికి అంత కాలం పట్టింది ఈ భయం వల్లే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మా ఆయన సరేనన్నాకే రాస్తున్నాను.

మాది నల్గొండ జిల్లా, దేవరకొండ దిక్కు ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా ఆయన వ్యవసాయం చేస్తాడు. వయసు అరవై దాటింది, షుగర్ ఉంది. పగటిపూట ఆయనంత నెమ్మదస్తుడు మా వాడకట్టులో లేడు. ఇన్నేళ్ళ కాపురంలో నా మీద చెయ్యెత్తిన మనిషి కాదు.

మొదట్లో నిద్రలో మాటలే ఉండేవి. "ఓయ్, ఇటొచ్చినయ్, ఇటొచ్చినయ్" అని అరిచేవాడు. మా దిక్కు పల్లి చేను వేసిన రైతులు రాత్రిళ్ళు మంచె మీద కావలి కాసినవాళ్ళే. అడవి పందులు మంద కట్టి వచ్చి ఒక్క రాత్రిలో చేనంతా తవ్వి పోతాయి. అందుకని ఆ కలవరింతలు ఇంట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు. కొన్నేళ్ళు పోయాక చేతులు, కాళ్ళు కూడా ఆడటం మొదలైంది. గోడను గుద్దేవాడు. దుప్పటి పట్టుకుని గుంజేవాడు. ఒకసారి మంచం మీది నుంచి దూకాడు, సందుగ అంచు తగిలి నుదురు చీరుకుపోయింది. నాకు తగిలినవాటిలో పెద్ద దెబ్బ గాజులు పగిలి మణికట్టులో దిగినప్పటిది. కుట్లు పడ్డాయి. సెంటర్‌లో ఆయమ్మ అడిగితే నీళ్ళ దగ్గర జారిపడ్డానని చెప్పాను.

దెబ్బ తగిలాక లేచి కూర్చుని నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే. "నిన్ను కొట్టిన్నా? పందిని కొట్టిన కదనే" అన్నాడు. ఆ ముఖం చూసిన నాకు ఇందులో కోపం లేదని, కావాలని చేసింది కాదని ఒకరు చెప్పాల్సిన పని లేదు. కానీ ఊరికి ఎలా చెప్పాలి?

మా ఆడబిడ్డ గాలి సోకిందేమో అంది. చెర్వుగట్టు జడల రామలింగేశ్వర స్వామి దగ్గరికి అమావాస్యనాడు తీసుకుపొమ్మంది. వెళ్ళాం. ఆ రాత్రి గుట్ట మీద ఎంతమంది ఎన్ని రకాల బాధలతో వచ్చి పడుకుంటారో చూస్తే మనసు కరిగిపోతుంది. మొక్కు చెల్లించుకున్నాం. స్వామి మీద నా నమ్మకం ఇప్పటికీ అలాగే ఉంది. కానీ తెల్లవారుజాము గొడవ మాత్రం తగ్గలేదు. తర్వాత దగ్గర్లో ఒకాయన నిద్ర గోళీలు రాసిచ్చాడు. వాటితో పగలంతా తూలడమే తప్ప, రాత్రి మార్పు లేదు.

దారి చూపింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బిడ్డ. "అమ్మా, నువ్వు నోటితో చెప్తే ఎవరికీ అర్థం కాదు, వీడియో తియ్యి" అంది. బీరువా మీద ఫోన్ పెట్టి, చిన్న లైటు వేసి, తెల్లవారుజామున తీశాను. ఆయన అనుమతి తీసుకునే తీశాను. మర్నాడు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తనలో జరిగేది తను చూసుకోవడం ఆయనకు అదే మొదటిసారి. తర్వాత "పోదాం పా" అన్నాడు.

మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బస్సులో పోయి నరాల డాక్టర్‌కు చూపించాం. ఆ డాక్టర్ గారు ముందు నన్ను కూర్చోబెట్టి అడిగారు. ఇది నేను మరిచిపోలేని విషయం. ఈ జబ్బులో రోగి నిద్రలో ఉంటాడు, చూసేది పక్కన పడుకున్నవాళ్ళే. కాబట్టి వాళ్ళు చెప్పే మాటే సగం పరీక్ష అన్నారు. ఎప్పుడు జరుగుతుంది? పడుకున్న గంటలోపా, తెల్లవారుజామునా? కళ్ళు తెరిచి ఉంటాయా, మూసి ఉంటాయా? లేచి నడుచుకుంటూ పోతాడా? పిలిస్తే వెంటనే తెలివి వస్తుందా? కల గుర్తుంటుందా? గురక ఉందా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా? ఒళ్ళు బిగుసుకుని నాలుక కొరుక్కోవడం, పక్క తడపడం ఎప్పుడైనా జరిగిందా?

నా దగ్గర జవాబులున్నాయి. ఎక్కువగా కోడి కూసే ముందే. కళ్ళు మూసే ఉంటాయి. గది దాటి పోడు. పేరు పెట్టి పిలవకపోయినా, "ఏమయ్యా" అని గట్టిగా అంటే చాలు, లేచి కల మొత్తం చెప్తాడు. చేతులు ఆడిన తీరు, కలలో చేసిన పని ఒక్కటే. గురక మాత్రం ఉంది.

నిద్రలో నడిచే జబ్బు వేరని, అది రాత్రి మొదటి భాగంలో గాఢనిద్రలో వస్తుందని, కళ్ళు తెరిచే ఉంటాయని, లేపితే అయోమయంగా ఉండి ఏమీ గుర్తుండదని చెప్పారు. మా ఆయనది దానికి తిరగేసి ఉంది. దీన్ని రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటారు. మన కలల్లో ఎక్కువ భాగం రెమ్ అనే నిద్ర దశలో వస్తాయి. ఆ దశ పడుకున్న గంటన్నరకు మొదలై విడతలు విడతలుగా వస్తూ, తెల్లవారేకొద్దీ పొడవవుతుంది. ఆ సమయంలో మెదడు కాండం, అంటే వెన్నుపాముతో కలిసే మెదడు అడుగు భాగం, ఒంటి కండరాలకు కదలిక లేకుండా చేస్తుంది. ఊపిరి కండరం, కళ్ళు మాత్రమే ఆడతాయి. మా ఆయనకు అర్థమయ్యేలా డాక్టర్ గారు ఇలా అన్నారు: "కరెంటు ఉన్నా స్టార్టర్ బంద్ చేస్తే మోటర్ తిరగదు కదా పెద్దాయనా, నీకు ఆ స్టార్టర్ సరిగ్గా బంద్ అయితలేదు." అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న మనిషి తలెత్తి చూశాడు. తన బుద్ధిలో తేడా లేదని ఆయనకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

ఇది కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదు. ఫ్రాన్స్‌లో మిషెల్ జూవే అనే శాస్త్రవేత్త 1960ల నాటికే పిల్లుల మెదడు కాండంలో ఒక చిన్న భాగం దెబ్బతింటే అవి నిద్రలోనే లేచి వేటాడుతున్నట్టు ప్రవర్తిస్తాయని చూపించాడు. మనుషుల్లో దీన్ని ఒక జబ్బుగా మొదట వివరించింది 1986లో, అమెరికాలోని మినసోటాలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ అనే డాక్టర్లు. వాళ్ళు రాసిన మొదటి ఐదుగురిలో నలుగురు మగవాళ్ళు, అందరూ అరవై, ఆపై వయసువాళ్ళు. ఎక్కడి మినసోటా, ఎక్కడి మా ఊరు! అక్కడ కూడా నాలాంటి ఆడవాళ్ళు గాయాలు చూపించే ఉంటారు కదా అనుకుంటే నాకు గుండె బరువు కొంత దిగింది.

తర్వాత మందుల సంచి తీయమన్నారు. షుగర్ వల్ల అరికాళ్ళ మంటకు ఆయన రాత్రిపూట అమిట్రిప్టిలిన్ వేసుకుంటున్నాడు. డాక్టర్ గారు ఆ మాత్రను పక్కకు తీసి పెట్టారు. డిప్రెషన్‌కు, నరాల నొప్పికి వాడే ఇలాంటి కొన్ని మందులు ఈ జబ్బును బయటికి తేవచ్చు, ఉన్నదాన్ని పెంచవచ్చు. అయితే మా ఆయన కలవరింతలు ఆ మాత్ర కంటే ముందే మొదలయ్యాయి కాబట్టి తప్పంతా దాని మీద వేయలేమన్నారు. ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించి, మంటకు ప్రీగాబాలిన్ ఇచ్చారు. దాంతో గొడవ కొంత తగ్గింది, పోలేదు. ఈ భాగం చదివి ఎవరూ డిప్రెషన్ మందులు సొంతంగా మానేయవద్దు. రాసిన డాక్టర్‌తో మాట్లాడే మార్చుకోవాలి.

నిద్ర పరీక్షకు ఒక రాత్రి ఆస్పత్రిలో ఉన్నాం. తలకు, కళ్ళ పక్కన, గడ్డం కింద, చేతులకు, పిక్కలకు తీగలు అంటించారు. ఛాతీకి, పొట్టకు పట్టీలు కట్టారు. ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి క్లిప్పు, పైన చీకట్లో కూడా కనిపించే కెమెరా. ఇన్ని తగిలించుకుని ఎవరికి నిద్ర పడుతుంది అని నాకు టెన్షన్. పైగా ఆ రాత్రి ఆయన గుద్దలేదు, దూకలేదు. రెండు మూడుసార్లు చేతులు విదిలించాడు, ఏదో గొణిగాడు. ఇంత ఖర్చు పెట్టి వస్తే ఏమీ దొరకలేదేమోనని దిగులుపడ్డాను. రిపోర్టు చూసి డాక్టర్ గారు పెద్ద గొడవ జరగాల్సిన అవసరం లేదన్నారు. రెమ్ నిద్రలో గడ్డం కండరం పూర్తిగా వదులైపోవాలి, తెర మీద దాని గీత చదునుగా ఉండాలి. ఆయన గీత అంతా ముళ్ళకంపలా లేచి ఉంది. దానికి తోడు నా వీడియో, నా మాట. జబ్బు ఖాయం చేశారు. ఫిట్స్ కాదని తేలింది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కొద్దిపాటిగా ఉందని కూడా తెలిసింది. అది ఎక్కువగా ఉంటే అదే ఇలాంటి కదలికలు తెప్పించి మోసం చేస్తుందట. అప్పుడు దానికి వైద్యం చేస్తే ఇవీ సర్దుకుంటాయి. మా ఆయనది ఆ స్థాయి కాదు. కానీ ఏ మందు ముందు వాడాలన్నది ఆ చిన్న విషయం మీదే తేలింది.

మందు రాయకముందు డాక్టర్ గారు మా పడకగది గురించి అడిగారు. మంచం ఎత్తెంత, పక్కన ఏముంటాయి, కిటికీకి అద్దాలున్నాయా, ఎండాకాలం ఎక్కడ పడుకుంటారు. నాకు ఆశ్చర్యమేసింది. "మందు పని చేయడానికి టైం పడుతుంది, దెబ్బ ఈ రాత్రే తగలొచ్చు" అన్నారు. చికిత్సలో మొదటిది గదేనని నేను ఇప్పుడు ఎవరికైనా చెప్తాను. వచ్చిన రోజే పని మొదలుపెట్టాం. మంచం తీసేసి ఆయనకు నేల మీద పరుపు వేశాం. చుట్టూ పాత బొంతలు పరిచాం. అద్దం ఉన్న బీరువా ముందు గదిలోకి పోయింది, సందుగ అటక కిందికి పోయింది. పాములకని తలదిక్కున పెట్టుకునే కర్ర, మూలకు ఆనించే గొడ్డలి, కొడవలి కొట్టంలో పెట్టి తాళం వేశాం. టేబుల్ ఫ్యాన్ తీసి సీలింగ్ ఫ్యాన్‌తోనే సరిపెట్టాం. మా డాబాకు పిట్టగోడ లేదు. ఎండాకాలం పైన పడుకోవడం బంద్ అన్నారు. ఆయనకు అన్నింటికంటే కష్టమైంది అదే. చిన్నప్పటి నుంచి చుక్కల కింద పడుకున్న మనిషి. ఆ ఏడు ఉక్కపోతలో ఆయన లోపల దొర్లుతుంటే నాకు కడుపులో తిప్పేది. కూలర్ కొన్నాం.

ఇక నా సంగతి. పక్క వేరు చేసుకోవాలన్నారు. గాజులు రాత్రిపూట తీసి పడుకుంటే ఏమవుతుందని బిడ్డ అంది. మా అత్తమ్మ ఒప్పుకోలేదు, నిజం చెప్పాలంటే నాకూ మనసొప్పలేదు. గాజులు ఉంచుకున్నాను, మంచం మార్చుకున్నాను. అదే గదిలో, ఎదురు గోడకు, చెయ్యి అందనంత దూరంలో. ఇంత వయసులో పక్క వేరు కావడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. కొన్నాళ్ళు ఇద్దరికీ నిద్ర పట్టలేదు. లేపే పద్ధతి కూడా నేర్పారు. దగ్గరికి పోయి చేతులు పట్టుకోకూడదు, ఆయన కలలో నేను పందినో దొంగనో అవుతాను. దూరం నుంచే పిలవాలి. "పందుల్లేవయ్యా, ఇంట్లున్నవ్, లే" అని నా మంచం మీది నుంచే అంటాను.

మందుల దగ్గరికి వస్తే, ఎక్కువ కాలంగా వాడుతున్నది క్లోనజెపామ్. చాలామందికి బాగా పని చేస్తుందట. కానీ అది గురక, ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ళకు ఇబ్బంది, పెద్ద వయసులో తూలి పడే ప్రమాదం, మతిమరుపు పెంచవచ్చు, అలవాటు పడితే ఉన్నపళంగా మానకూడదు. రెండోది మెలటోనిన్. చీకటి పడ్డాక మెదడే తయారుచేసుకునే పదార్థం, మాత్రగా ఇస్తారు. మత్తు తక్కువ. కాకపోతే అందరికీ సమానంగా పని చేయదు, పరీక్షల ఫలితాలూ ఒకేలా రాలేదు. ఈ రెండూ కాక రివాస్టిగ్మిన్ ప్యాచ్, ప్రామిపెక్సోల్ అనేవి కూడా కొందరికి ఇస్తారని చెప్పారు. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన సూచనల్లో ఈ నాలుగూ ఉన్నాయి, అయితే ఏదీ గట్టి సిఫారసు కాదు, రోగిని బట్టి ఎంచుకోమనే.

గురక ఉంది కాబట్టి మా ఆయనకు మెలటోనిన్‌తో మొదలుపెట్టారు. పడుకునే ముందు 3 మిల్లీగ్రాములు. తర్వాత మెల్లగా 6, ఆపైన 9. రోజూ ఒకే సమయానికి వేసుకోవాలి, ఒకే సమయానికి పడుకోవాలి. ఇది పొలం మనిషికి అంత సులువు కాదు. బోరు మోటర్ వేయడానికి, నీళ్ళు మలపడానికి వేళాపాళా లేకుండా పోవడం అలవాటు. రాత్రిపూట ఆ పని పాలేరుకు అప్పజెప్పాం. కల్లు, మద్యం బంద్ అన్నారు. పండగలకు కల్లు తాగేవాడు, మానేశాడు. రోజూ బాగా తాగేవాళ్ళు మాత్రం ఒక్కసారిగా మానితే కూడా ఈ గొడవ రేగుతుందట, వాళ్ళు డాక్టర్‌తో చెప్పి మానాలి.

మెలటోనిన్‌తో దూకడం పోయింది. మాటలు, చేతులు విసరడం మిగిలాయి. పత్తి ఏరే రోజుల్లో, అప్పుల లెక్కలు నెత్తిన ఉన్నప్పుడు, ఎక్కువయ్యేది. అలాంటి ఒక కాలంలో గోడకు గుద్ది వేలు విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాములు జోడించారు. రాత్రులు ఒక్కసారిగా నిమ్మళించాయి. నేను మొదటిసారి తెల్లవారేదాకా కదలకుండా పడుకున్నాను. అయితే పొద్దున ఆయన కాళ్ళు తడబడటం మొదలైంది. తడి మడిలో స్టార్టర్ దగ్గరికి మత్తుగా నడిచే మనిషిని చూస్తే నాకు ప్రాణం పోయింది. ఫోన్ చేసి చెప్పాను, సగానికి తగ్గించారు. ఇప్పుడు మెలటోనిన్‌తో పాటు 0.25 నడుస్తోంది. పూర్తిగా పోలేదు. అప్పుడప్పుడు ఒక కేక, ఒక విదిలింపు. దెబ్బలు లేవు. నాకు ఇది చాలు.

ఇక రాయడానికి చెయ్యి రాని భాగం. డాక్టర్ గారు మధ్యలో వాసన తెలుస్తోందా, విరేచనం సాఫీగా అవుతోందా, రాత మారిందా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగారు. ఎందుకని మా బిడ్డ అడిగింది. "ముందు ముందు ఏమి రావచ్చో చెప్పమంటారా, ఇప్పుడే వద్దంటారా?" అని ఆయన మా ఆయననే అడిగారు. ఆ అడిగిన తీరుకు నేను చేతులెత్తి మొక్కుతాను. మా ఆయన చెప్పమన్నాడు. పెద్ద వయసులో వేరే కారణం లేకుండా వచ్చే ఈ జబ్బు, చాలామందిలో పార్కిన్సన్స్‌కో (వణుకు, బిగుతుతో ఒళ్ళు మందగించే జబ్బు), మతిమరుపుతో కూడిన అలాంటి జబ్బుకో ముందు వచ్చే గుర్తు. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ మెదడు కణాల్లో పేరుకోవడం దీనికి మూలం. 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 24 కేంద్రాల్లో 1280 మందిని గమనిస్తే, ఏడాదికి నూటికి ఆరుగురికి పైగా ఆ జబ్బుల్లోకి మారారు, పన్నెండేళ్ళు గడిచేసరికి నూటికి 73 మందికి పైనే. దాన్ని ఆపే మందు ఇంతవరకు లేదు. నడక, వ్యాయామం మాత్రం వదలొద్దన్నారు.

తిరుగు బస్సులో ఎవరం మాట్లాడలేదు. మాల్ దాటాక ఆయనే అన్నాడు, "ఏమొస్తదో తెలిస్తే పొలం సంగతి ముందే చూసుకోవచ్చు కదా" అని. ఆ తర్వాత నెలల్లో భూమి కాగితాలు సరిచేశాడు, బ్యాంకు ఖాతాలో నా పేరు చేర్పించాడు. నాకు రాత్రిళ్ళు ఏడుపొచ్చేది. తెలియకపోతేనే బాగుండేదా అని ఆలోచించాను. ఆయన కోసం చూస్తే తెలియడమే మంచిదైంది. అందరి ఇళ్ళలో అలాగే ఉంటుందని నేను చెప్పను. అడిగి చెప్పే డాక్టర్ దొరకాలి.

మా జిల్లావాళ్ళు గమనించాల్సిన ఒక విషయం ఉంది. మర్రిగూడ వైపు తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన మనుషులం. కాళ్ళు బిగుసుకున్నా, నడుము వంగినా, అడుగు చిన్నదైనా "ఫ్లోరైడ్ కదా" అనుకుని వదిలేస్తాం. ఇలాంటి నిద్ర జబ్బు ఉన్న మనిషికి నడక మందగిస్తే, ఒక చెయ్యి ఊపడం తగ్గితే, దాన్ని ఫ్లోరైడ్ ఖాతాలో వేయకుండా నరాల డాక్టర్‌కు చూపించాలి. మా ఆయనను ఏటా చూపిస్తున్నాం. వాసన తగ్గింది, మలబద్ధకం ఉంది. వణుకు, బిగుతు ఇప్పటికి లేవు. పొద్దున పొలం గట్ల మీద చేతులు ఊపుకుంటూ నడుస్తాడు, నేను వెనక నుంచి ఆ రెండు చేతులనే చూస్తూ నడుస్తాను.

బంధువుల పెళ్ళిళ్ళకు పోతే హాల్లో అందరూ వరసగా చాపలు వేసుకుని పడుకుంటారు. ఇదివరకు ఏదో సాకు చెప్పి రాత్రికి రాత్రే వచ్చేసేవాళ్ళం. మొన్న కల్వకుర్తిలో మా తమ్ముడి బిడ్డ పెళ్ళిలో మా ఆయనే మా తమ్ముణ్ణి పిలిచి చెప్పాడు: "బావా, నాకు నిద్రలో చేతులాడే జబ్బున్నది, గోళీలు వేసుకుంటున్న. నాకు గోడ పొంటి వేరే పరుపు వెయ్యి, పిల్లలను నా పక్కన పండనీయకు." మా తమ్ముడు సరేనని పోయి పరుపు వేయించాడు.